ఇంటి పోర్టికోలో కారు లిఫ్టు: విజయనగరంలో మా అనుభవం

కింద నిలబడి పని చేసుకోవడానికి కారును పైకెత్తి ఉంచే యంత్రం కారు లిఫ్టు. మా ఇంట్లో అది నిలబడింది 2025 జనవరి 22న. ఆ ఆలోచన మొదలైంది అంతకు ముందు జూన్‌లో. లిఫ్టును చూసి ఎంచుకోవడానికి పట్టిన సమయం కొద్దిగానే. మిగిలిన కాలమంతా నేల, పైకప్పు, కరెంటు, లారీ, పండుగల కిందే పోయింది. ఇవేవీ నాకు ముందు ఎవరూ చెప్పలేదు. గ్యారేజీలు నడిపేవాళ్లకు ఇవన్నీ మామూలే కావచ్చు, ఇంట్లో పెట్టుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ప్రతిదీ కొత్త. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యారు. వయసు 68. నెల్లిమర్ల వెళ్లే రోడ్డు వైపు మా ఇల్లు. ఇంట్లో ఆయన పాత పెట్రోలు అంబాసిడర్, తమ్ముడి బొలెరో ఉన్నాయి. రెండింటి పనీ ఆయనే చేసుకుంటారు. చేయకపోతే ఆయనకు తోచదు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, బళ్ల పని నాకు రాదు. అయితే ఈ లిఫ్టు వ్యవహారమంతా నా నెత్తిన వేసుకున్నాను.

కారణం ఒక మధ్యాహ్నం. జూన్ రెండో వారంలో నాన్న అంబాసిడర్ వెనక చక్రం విప్పి, బండిని బాటిల్ జాకీ మీద నిలబెట్టారు. విప్పిన చక్రాన్ని కారు కిందకు తోసి పెట్టడం ఆయనకు డిపో రోజుల నుంచి అలవాటు. పానా కోసం లోపలికి వచ్చిన ఆ కాస్త సమయంలో పార్కింగ్ టైల్ మీద జాకీ జారింది. కారు వెళ్లి ఆ చక్రం మీద కూర్చుంది. ఆ చప్పుడుకు వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉండడం చూశాక కూడా ఆమె చేతుల వణుకు తగ్గలేదు. ఆ సాయంత్రం జాకీని తీసుకెళ్లి బియ్యం డబ్బా వెనక దాచేసింది. ఆయన దాని గురించి అడగలేదు కూడా.

ఏదో ఒకటి చేయాలని ఆ రాత్రే అనుకున్నాం. నాన్నకు మొదట లిఫ్టు మీద మనసు లేదు. "గొయ్యి తవ్విస్తే చాలమ్మా. ముప్ఫై ఏళ్లు డిపోలో గోతిలో నిలబడే పని చేశాను. వేలల్లో పోతుంది, లక్షలెందుకు?" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. గొయ్యికి మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, పాడయ్యేదేమీ లేదు. కానీ వర్షాకాలంలో మా పక్కింటి బావిలో నీళ్లు చేదతో పని లేనంత పైకి వస్తాయి. ఆరడుగుల గొయ్యి తవ్వితే అదీ చిన్న బావే అవుతుంది. రెండో సంగతి ఆయనే నెమ్మదిగా చెప్పారు. డిపోలో బస్సులన్నీ డీజిల్‌వి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కిందకు దిగి గోతిలో నిలిచిపోతుంది. పైపు విప్పినప్పుడు నాలుగు చుక్కలు కారి, పక్కనే చేతిదీపం ఉంటే అంతే. మూడోది, తమ్ముడి కొడుకుకు నాలుగేళ్లు. ఎంత గట్టి చెక్కలు కప్పినా వాడు ఏదో ఒక రోజు వాటిని జరపగలడు. జూలై ఆఖరుకు గొయ్యి మాట పక్కకు పోయింది.

ఆగస్టులో గాజువాక ఆటోనగర్ చూసి రావడం మొదలుపెట్టాం. అక్కడ పని చేస్తున్న లిఫ్టుల పక్కన నిలబడి చూడడం వల్లే నాకు తేడాలు బోధపడ్డాయి. చిత్రాలు చూసి ఎంచుకోవాలనుకుంటున్న వాళ్లు ముందు ఏదైనా గ్యారేజీలో ఒక పూట గడపాలని నా గట్టి సలహా.

నాలుగు స్తంభాల లిఫ్టు మీద కారును నేరుగా ఎక్కించేయవచ్చు. చూడడానికి ధైర్యంగా ఉంటుంది. ఎత్తినప్పుడు దాని కింద మరో కారు నిలుపుకోవచ్చు కూడా. అయితే కారు బరువంతా చక్రాల మీదే ఉంటుంది. బ్రేకుల పని, కమాన్ కట్టల (కుదుపులు ఆపే ఇనుప పట్టీల) పని చేయాలంటే దాని మీద ఇంకో జాకీ పెట్టి మళ్లీ ఎత్తాలి. నాన్న చేసేదంతా బ్రేకులు, కట్టల పనే. ధర రెండున్నర లక్షల పైన చెప్పారు. మా పోర్టికో పొడవుకు అది పట్టేదీ కాదు.

కత్తెర లిఫ్టు నాకు నచ్చింది. కారు కింద ఇమిడిపోతుంది, పక్కన స్తంభాలుండవు. ఇళ్లలో పెట్టుకునే రకం మూడు నాలుగడుగులు ఎత్తుతుంది. చక్రాలు, బ్రేకులు చేసుకోవడానికి చాలా హాయి. కానీ కారు నడుమ భాగమంతా ఆ కత్తెరే ఆక్రమిస్తుంది. క్లచ్చు కోసం గేరుబాక్సు దింపాలన్నా, సైలెన్సర్ గొట్టం విప్పాలన్నా చేయి పెట్టే చోటుండదు. నాన్న ఒకటికి రెండుసార్లు వంగి చూసి తల అడ్డంగా ఊపారు. టైర్లు, బ్రేకులు మాత్రమే చూసుకునేవాళ్లకు నేను అదే చెబుతాను.

నీళ్ల సర్వీసింగు చేసేచోట నేలలోంచి ఒకే స్తంభం పైకి లేస్తుందే, అలాంటిది మూతపడిన ఒక సర్వీసు స్టేషన్‌లో చవకగా ఉందని ఒకాయన చెప్పారు. దానికి లోతైన గొయ్యి, గాలి కంప్రెసరూ కావాలి. మళ్లీ నీళ్ల దగ్గరికే వచ్చింది.

మిగిలింది రెండు స్తంభాల లిఫ్టు. దాని నాలుగు చేతులు కారు కిందకు వెళ్లి బాడీని కింద నుంచి పట్టుకుంటాయి. చక్రాలు నాలుగూ వేలాడతాయి, కింద అంతా ఖాళీ. నాన్నకు కావలసింది ఇదే. ఇందులోనూ రెండు రకాలు. ఒకదానికి స్తంభాలను కలుపుతూ పైన అడ్డదూలం ఉంటుంది, కింద నేల సాఫీగా ఉంటుంది. దానికి పన్నెండడుగుల పైకప్పు కూడా సరిగ్గా సరిపోదు. రెండో దానికి అడ్డదూలం లేదు. స్తంభాలు తొమ్మిదడుగుల పైచిలుకు. ఇనుప తాళ్లు, నూనె గొట్టం నేల మీద ఒక రేకు కిందుగా పోతాయి. మా స్లాబు ఎత్తు పదడుగుల ఆరంగుళాలు. కాబట్టి రెండో రకమే.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. దుకాణాల్లో ప్రతి ఒక్కరూ మొదట చెప్పింది "నాలుగు టన్నులు ఎత్తుతుంది మేడం" అని. మా అంబాసిడర్ బరువు పదకొండు వందల కిలోలకు కాస్త పైన. బొలెరో పదహారు, పదిహేడు వందలు. టన్నుల దగ్గర మాకు ఇబ్బందే లేదు. ఇబ్బందంతా తల దగ్గర. కారు ఎత్తులోంచి, చేతులు పట్టుకునే చోటు నేల నుంచి ఎంత ఎత్తుందో అది తీసేయాలి. మిగిలిందానికి లిఫ్టు ఆ చోటును నేల నుంచి ఎంత ఎత్తుకు లేపుతుందో అది కలపాలి. ఆ మొత్తం స్లాబుకంటే అరడుగైనా తక్కువ ఉండాలి. అంబాసిడర్ ఎత్తు దాదాపు 1.6 మీటర్లు, పట్టు నుంచి పైకి 1.4. మా స్లాబు 3.2 మీటర్లు. 1.65 మీటర్ల దాకా ఎత్తవచ్చు. నాన్న ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, కారు కింద తల వంచకుండా నిలబడగలరు. కాగితం మీద ఈ అంకె తేలినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. బొలెరో ఇంకా ఎత్తయిన బండి, దాన్ని మీటరున్నరకు మించి ఎత్తలేం. దాని కింద ఆయన స్టూలు మీద కూర్చుని చేస్తానన్నారు.

ఆటోనగర్‌లోనే ఒకచోట వాడిన లిఫ్టు ఎనభై వేలకు ఇస్తామన్నారు. కొత్తగా రంగు వేసి తళతళలాడుతోంది. నాన్న స్తంభం అడుగున మోకాళ్ల మీద కూర్చుని, వేలితో అంచు వెంబడి తడిమారు. అడుగు రేకును ఎప్పుడో కోసి మళ్లీ అతికించారు, రంగు కింద వెల్డింగు గీత చేతికి తగిలింది. తయారీ సంఖ్య ఉండే పట్టీ కూడా లేదు. ఆయన లేచి, చేతులు దులుపుకుని, "పదమ్మా" అన్నారు. దారిలో ఒక్కమాటే చెప్పారు. బండి కింద నిలబడే మనిషికి కనబడాల్సింది రంగు కింద ఉన్న ఇనుమేనని.

చివరకు మేము కొన్నది కోయంబత్తూరులో తయారైన లిఫ్టు. ఆ అమ్మకందారు ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న "స్లాబు ఎంత ఎత్తు?" రెండోది "నేల ఎప్పుడు వేశారు, ఎంత మందం?" అంతవరకు నేల గురించి ఎవరూ అడగలేదు. టన్నుల గురించి ఆయన అసలు మాట్లాడలేదు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. ధర 1,45,000, దాని మీద జీఎస్టీ 18 శాతం, మొత్తం 1,71,100 రూపాయలు.

నేల ఎంత మందముందో మాకే తెలియదు. సెప్టెంబరు వానలు తెరిపిచ్చాక తాపీమేస్త్రీని పిలిచి ఒక టైలు పగలగొట్టించాం. టైలు కింద సిమెంటు పరుపు, దాని కింద మూడంగుళాల కాంక్రీటు, ఆ కింద ఒట్టి ఇసుక. గునపంతో నాలుగు పోట్లు వేస్తే ఆ కాంక్రీటు పెళ్లలుగా లేచివచ్చింది. రెండు స్తంభాల లిఫ్టులో కారు బరువంతా స్తంభాలను లోపలికి లాగుతుంది. వాటిని నిలబెట్టేవి నేలలో దిగిన బోల్టులు మాత్రమే. ఆ పెళ్లల్ని చేతిలో పట్టుకుని నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకైతే ఒళ్లు జలదరించింది. ఈ ఒక్క పని చేయకుండా ఎవరూ అడ్వాన్సు ఇవ్వవద్దు. ఒక టైలు పోతే పోయింది.

కొత్త నేల వేయాలి. అక్టోబరు మొదట్లో మొదలుపెడదామంటే మేస్త్రీ "దసరా, ఆ వెంటనే సిరిమాను. పండుగ అయ్యాకే అమ్మా" అన్నారు. ఆ ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అక్టోబరు 15న వచ్చింది. ఆ వారంలో విజయనగరంలో కూలీలు దొరకడం కల్ల, దొరికినా పిలవడం భావ్యం కాదు. ఆ వ్యవధి మాకు కలిసొచ్చింది కూడా. అక్టోబరు 28న సగం డబ్బు పంపి, లిఫ్టు పునాది పటం ముందుగా పంపమని అడిగాను. పటం రెండు రోజుల్లో ఫోనుకు వచ్చింది. బోల్టులు ఎక్కడ పడతాయో అందులో గీసి ఉంటుంది. ఇనుప ఊచల వల కట్టేటప్పుడు ఆ చోట్లలో ఊచ రాకుండా జరిపి కట్టించాం. అలా చేయకపోతే తర్వాత డ్రిల్లు ఊచకు తగిలి ఆగిపోతుందని లిఫ్టు బిగించే ఫిట్టరు చెప్పారు.

దీపావళి దాటాక నవంబరు 3న కాంక్రీటు వేశాం. స్తంభాల వెడల్పంతా కలుపుతూ ఒకే పట్టీగా, అడుగు లోతున, సిమెంటు ఒక పాలుకు ఒక పాలు ఇసుక, రెండు పాళ్లు 20 ఎంఎం పిక్క. పైన మట్టితో మడి కట్టి నీళ్లు నిలిపాం. పొద్దున స్కూలుకు వెళ్లే ముందు నేను, మధ్యాహ్నం అమ్మ నీళ్లు పోసేవాళ్లం. 28 రోజులు నిండేవరకు దాని మీద బరువు పెట్టకూడదు. కార్లు రెండూ వీధిలోనే ఉన్నాయి. ఖర్చు సామానుతో, కూలితో 22,000.

కరెంటు పని ఈలోగా చేయించాం. మోటారు మూడు హార్స్‌పవర్. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజు కాబట్టి సింగిల్ ఫేజు మోటారే తీసుకున్నాం. మీటరు దగ్గర నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడిగా బ్రేకరు పెట్టించాం. 9,500 అయింది. పోర్టికోలోని సీలింగు ఫ్యాను తీసేసి గోడ ఫ్యాను బిగించాం. కారు పైకి లేస్తే ఆ రెక్కలే ముందు తగులుతాయని ఎలక్ట్రీషియన్ చూసి చెప్పేదాకా మా ఎవరి బుర్రకూ తట్టలేదు.

పదిహేను రోజుల్లో పంపుతామన్న లిఫ్టు డిసెంబరు అంతా రాలేదు. అడిగితే మోటారు రావాలి, రంగు ఆరాలి అనేవారు. ఇచ్చిన డబ్బు 85 వేలు, చేతిలో ఉన్నది ఒక రసీదు. రాత్రిళ్లు నాకు సరిగ్గా నిద్ర పట్టేది కాదు. నాన్న మాత్రం ఆ కొత్త నేల మీద రోజూ పొద్దున్నే ఇటూ అటూ నడిచేవారు.

జనవరి 3న పార్సిల్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. లారీ కిరాయి 14,000 అక్కడే కట్టాలి. సామాను వాళ్ల గోడౌను దాకే వస్తుంది, ఇంటికి తెచ్చుకోవడం మన పని. మొత్తం బరువు ఆరున్నర వందల కిలోలు. రెండు స్తంభాలూ ఒకదానికొకటి ఎదురెదురుగా పెట్టి బిగించిన ఒకే కట్ట. టాటా ఏస్ మీద ఇంటి దాకా వచ్చింది. హైడ్రా క్రేను మా వీధి మలుపు తిరగలేదు. చివరకు బరువులు మోసే కళాసీలను పిలిపించాం. నలుగురు వచ్చి, చైన్ పుల్లీ కట్టి, కింద ఇనుప గొట్టాలు వేసి దొర్లించుకుంటూ, పాటతో లోపలికి చేర్చారు. ఎక్కడా టైలు మీద గీత కూడా పడలేదు. వాళ్లు 4,000 అడిగారు. ఆ పనితనానికి అది ఎక్కువేమీ కాదు.

ఫిట్టరు విశాఖ నుంచి రావాలి. సంక్రాంతి ముందు కుదరదన్నారు. కనుమ వెళ్లాక, జనవరి 21న వచ్చారు. రాగానే అడిగింది "నూనె తెచ్చారా?" అని. లిఫ్టుతో హైడ్రాలిక్ నూనె రాదు, మనమే కొనాలి. పది పన్నెండు లీటర్లు పడుతుంది. తమ్ముడు బండి వేసుకుని వెళ్లి 2,200 పెట్టి తెచ్చాడు.

బిగించడం రెండు రోజుల పని. స్తంభం నిలబెట్టి, మట్టం చూసి, అడుగున సన్నటి ఇనుప రేకు ముక్కలు దోపి సరిచేశారు. నాన్న ఊరుకోలేక తాడుకు గుండు కట్టి తనూ చూసుకున్నారు. ఒక స్తంభం వెంట్రుకవాసి వాలి ఉందని ఆయన చెబితే, ఫిట్టరు మళ్లీ మట్టం పెట్టి చూసి, ఇంకో రేకు ముక్క వేశారు. అప్పటి నుంచి ఆయన నాన్నను "మాస్టారూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఇనుప తాళ్లు బిగించడం చాలా ఓపిక పని. లిఫ్టు పైకి వెళ్తున్నప్పుడు రెండు స్తంభాల్లోనూ బండి కిందకు జారకుండా ఆపే గొళ్లాలు మెట్టు మెట్టుకూ టక్కు టక్కుమని పడతాయి. ఆ రెండు చప్పుళ్లూ ఒకేసారి వినపడాలి. ఒకటి ముందు, ఒకటి వెనక వినిపిస్తే కారు ఒక పక్కకు ఒరిగినట్టే. రెండూ కలిసి ఒకే టక్కుగా వినపడేవరకు ఉత్త లిఫ్టునే పైకీ కిందికీ నడిపారు.

మా స్లాబు తక్కువ కాబట్టి ఒక లిమిట్ స్విచ్ కూడా పెట్టించాం. నిర్ణీత ఎత్తు రాగానే మోటారు ఆగిపోతుంది. బొలెరో కోసం దాన్ని ఇంకా కిందకు జరుపుకోవాలి. 850 రూపాయలు. ఫిట్టరు కూలి, దారి ఖర్చు 8,000. అన్నీ కలిపితే రెండు లక్షల ముప్ఫై వేలు దాటింది. లిఫ్టు ధర మాత్రమే చూసుకుని బయలుదేరేవాళ్లు ఇంకో అరవై వేలు పక్కన పెట్టుకోవాలి.

22 సాయంత్రం అంబాసిడర్‌ను ఎక్కించారు. పాత బండి కదా, పక్క అంచులు తుప్పు పట్టాయి. అందుకని చేతుల చివర ఉండే రబ్బరు ప్యాడ్లను ఎక్కడ ఆనించాలో నాన్న ముందే పడుకుని చూసి సుద్దతో గుర్తులు పెట్టారు. చక్రాలు నేల వదిలి జానెడు లేవగానే ఆపి, ఫిట్టరు బంపరు పట్టుకుని గట్టిగా ఊపారు. కదలకపోతేనే పైకి. పూర్తిగా లేచాక మళ్లీ కొంచెం దించి, గొళ్లాల మీద కూర్చోబెట్టారు. బరువు ఇనుము మీద ఉండాలి, నూనె మీద ఉండకూడదు. నాన్న కింద నిలబడి పైకి చూశారు. ఆయన ముఖంలో ఆ వెలుగు రిటైరయ్యాక నేను చూడలేదు. అమ్మ గడప దగ్గరే నిలబడి, ఇంకోసారి ఊపి చూడమని ఫిట్టరుకు చెప్పింది. ఆయన ఊపారు.

వాడుకలోకి వచ్చాక తెలిసినవి రెండున్నాయి. స్తంభాల మధ్య నేల మీద ఉండే రేకు అంగుళన్నర ఎత్తున గడపలా ఉంటుంది. చీకట్లో కాలికి తగులుతుంది, దానికి పసుపు రంగు వేశాం. రెండోది కరెంటు. గొళ్లాల మీద కూర్చున్న లిఫ్టును దించాలంటే ముందు కాస్త పైకి ఎత్తాలి, అప్పుడే గొళ్లాలు విడతాయి. ఎత్తడానికి మోటారు తిరగాలి. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం బొలెరో పైన ఉండగా కరెంటు పోయింది. ఇంట్లోని ఇన్వర్టరు ఆ మోటారును తిప్పలేదు. తమ్ముడు రాజాం వెళ్లాల్సి ఉంది, కరెంటు వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది, ప్రయాణం మర్నాటికి పడింది. చేత్తో కొట్టే పంపు విడిగా దొరుకుతుందట, ఆర్డరు పెట్టాం. కొనేటప్పుడే దాన్ని కలిపి అడగండి, తుపాను రోజులున్న మన జిల్లాల్లో అది తప్పనిసరి.

బిగించిన రెండు వారాలకు ఫిట్టరు చెప్పినట్టు నాన్న బోల్టులన్నీ బిగువు కొలిచే టార్క్ రెంచితో మళ్లీ చూశారు. రెండు కొద్దిగా తిరిగాయి. ఆ తర్వాత చూసినప్పుడు ఏదీ కదలలేదు. తాళ్లకు గ్రీజు ఆయనే పెడతారు. ఏడాదికోసారి ఫిట్టరు వచ్చి గొళ్లాలు, తాళ్లు, సీళ్లు చూసి వెళ్లేలా 2,500కు మాట్లాడుకున్నాం. జాకీని అమ్మ నాన్నకు తిరిగి ఇచ్చేసింది, దారిలో పంక్చరైతే కావాలి కదా అని అది బొలెరోలో పెట్టుకున్నాం.